చూసిందే మళ్లీ: ఐరో పాట దగ్గర మాత్రం జోకు వద్దు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సిరీస్ గురించి: ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’. 2005 ఫిబ్రవరిలో మొదలై 2008 జులైలో ముగిసిన 61 ఎపిసోడ్ల యానిమేషన్ కథ. నీరు, భూమి, నిప్పు అని మూడు భాగాలు. వందేళ్లు మంచుగడ్డలో ఉండిపోయిన ఆంగ్ అనే పిల్లాడు బయటికొచ్చి, నీరు, భూమి, నిప్పు, గాలి అనే నాలుగు భూతాల విద్యలూ పట్టి, నిప్పు రాజ్యం మొదలుపెట్టిన యుద్ధం ఆపాలి. తోడుగా కటారా, సొక్కా అనే అన్నాచెల్లెళ్లు, తర్వాత టోఫ్ అనే పిల్ల. వెంటపడేది నిప్పు రాజ్యపు యువరాజు జూకో, టీ అంటే ప్రాణమైన అతని పెదనాన్న ఐరో. దీన్ని నేను మొదటి నుంచి చివరిదాకా ఐదుసార్లు చూశాను. అందుకే నాలుగు ఉత్తరాలూ నాకే ఇమ్మని అడిగి మరీ తీసుకున్నాను. ఇంకా చూడనివాళ్లు ఈ పేజీ మడిచి దాచుకోండి. కథలో గుట్టుగా ఉండాల్సినవి కొన్ని ఇక్కడ బయటపడతాయి.

ప్రశ్న: అక్కా, నేను ఈ సిరీస్ నాలుగుసార్లు చూశాను, మావారికి ఇదే మొదలు. చూస్తూ చూస్తూ వ్యాఖ్యానం చెప్పడం నాకు అలవాటు. మొదట్లో ఆయనా పడీపడీ నవ్వేవారు. కథలో మాటిమాటికీ వచ్చే క్యాబేజీ వ్యాపారి బండి పల్టీ కొట్టినప్పుడల్లా ‘ఈ నెల వడ్డీ కూడా కట్టలేడు పాపం’ అనేదాన్ని. తర్వాత్తర్వాత ఆ మాట నాకంటే ముందు ఆయనే అందుకునేవారు. 35వ ఎపిసోడ్‌లో ఐరో కొండ మీద చెట్టు కింద కూర్చుంటే ‘టీ ఫ్లాస్కు మర్చిపోయి వచ్చినట్టున్నాడు’ అన్నాను. ఆయన ఆపేసి లేచి వెళ్లిపోయారు. పది రోజులైంది, మళ్లీ పెట్టలేదు. ‘నువ్వు చూసేశావుగా, నన్ను చూడనివ్వవా’ అన్నారు. నాది అంత పెద్ద తప్పా?

జవాబు: చెల్లీ, తప్పే. పెద్దదా చిన్నదా అని తూచే ముందు ఆ కథను ఇంకోసారి కళ్లముందుకు తెచ్చుకోండి.

ఆ 35వ ఎపిసోడ్ ‘టేల్స్ ఆఫ్ బా సింగ్ సే’లో ఐరో కథ కొద్ది నిమిషాలే. మొదట బజారులో ఒక బుట్ట కొంటాడు. ఎవరైనా ఆవిడతో సరదాగా వెళ్తున్నారా అన్నట్టు కొట్టతను అడిగితే, అలాంటిదేం కాదు గానీ ఇవాళ ఒక ప్రత్యేకమైన రోజు అంటాడు. మొదటిసారి చూసినప్పుడు ఆ మాట నా చెవిన కూడా పడలేదు. అక్కణ్నుంచి కదిలేలోపు ఎండలో ఉన్న ఒక పువ్వుకు నీడ కావాలని చెబుతాడు. ఏడుస్తున్న పసివాణ్ని ఒక పాట పాడి నవ్విస్తాడు. కత్తి చూపించి దోచుకోడానికి వచ్చినవాడికి నిలబడే తీరు సరిచేసి, కూర్చోబెట్టి టీ ఇస్తాడు. మనం నవ్వుతూనే ఉంటాం. అప్పుడు కొండెక్కి, చెట్టు మొదట్లో ఆ బుట్టలోంచి కొడుకు చిత్రం తీసి పెడతాడు. యుద్ధంలో పోయిన కొడుకు. ఆరోజు అతని పుట్టినరోజు. ఇందాక పసివాణ్ని నవ్వించిన పాటనే మళ్లీ ఎత్తుకుంటాడు, గొంతు పెగలదు. చివర్లో ‘మాకో గౌరవార్థం’ అని ఒక చిన్న అంకితం తెర మీద నిలుస్తుంది.

మాకో అంటే ఐరోకు గొంతు ఇచ్చిన నటుడు మాకో ఇవామత్సు. 2006 జులైలో కన్నుమూశారు. ఈ ఎపిసోడ్ ఆ సెప్టెంబరులో ప్రసారమైంది. మూడో భాగంలో ఐరోకు గ్రెగ్ బాల్డ్విన్ గొంతు ఇచ్చారు. పోయిన కొడుకును తలచుకునే తండ్రి గొంతు అది. ఆ గొంతు మనిషీ అప్పటికి లేరు. ఇది తెలిశాక నేను ఆ ఘట్టంలో రిమోట్ కూడా ముట్టుకోను.

మీకు కన్నీళ్లు ఎక్కడొస్తాయో ముందే తెలుసు. అందుకే ఒక జోకు అడ్డం పెట్టుకుని ఉంటారు, మళ్లీ చూసేవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటే ఇది. కానీ ఆయనకు అడ్డం అక్కర్లేదు. ఆ బుట్టలో ఏముందో ఆయనకు అప్పుడే తెలుస్తోంది. సరిగ్గా ఆ క్షణంలో మీ మాట వచ్చి పడింది.

ఈ సంగతి సిరీస్ సృష్టికర్తలు మైకేల్ డాంటె డిమార్టినో, బ్రయాన్ కొనియెట్జ్‌కోలకు బాగా తెలుసు. 57వ ఎపిసోడ్ ‘ది ఎంబర్ ఐలండ్ ప్లేయర్స్’ ఉంది కదా, చివరి నాలుగు భాగాల యుద్ధానికి సరిగ్గా ముందుది. (ఈ పేరా మీవారికి చదివి వినిపించకండి.) తమ కథనే ఎవరో నాటకం వేస్తున్నారని తెలిసి అందరూ కలిసి వెళ్తారు. ఆంగ్ వేషం ఒకావిడ కట్టింది, ఆంగ్ ముఖం మాడిపోయింది. టోఫ్ వేషం కండలు తిరిగిన ఒక భారీ మనిషిది, చూపులేని ఆ చిన్నపిల్ల మాత్రం అది విని మురిసిపోయింది. సొక్కా బాధల్లా తన పాత్ర జోకులు పేలట్లేదనే. తెర వెనక్కి వెళ్లి నటుడికి కొత్తవి అందించి వస్తాడు. జూకో వేషానికి ఎడమవైపు ఉండాల్సిన మచ్చ కుడివైపు పెట్టారు. ఇదంతా హాస్యమే. కానీ స్టేజీ మీది జూకో తన పెదనాన్నను ఈసడించుకునే సీను రాగానే, చూస్తున్న జూకో ముఖం చూడండి. ‘నిజంగా అలా అన్నావా’ అని కటారా అడిగితే, అన్నట్టే లెక్క అంటాడు. నాటకం ఒకటే, కూర్చున్నదీ పక్కపక్కనే. ఒక్కొక్కరికి ఒక్కోచోట గుచ్చుకుంది. ఎగతాళి ఎవరికి ఎక్కడ తగులుతుందో ఇంత బాగా చూపించిన ఎపిసోడ్ నాకు ఇంకోటి తెలియదు.

ఆయనకు సంజాయిషీ ఇవ్వకండి, ‘సారీ’ అని ఒక్క మాట చెప్పండి. 35వ ఎపిసోడ్‌ను మధ్యలోంచి కాకుండా ఐరో బుట్ట కొనే దగ్గర్నుంచి పెట్టండి. మీరు పక్కనే కూర్చోండి, మాట్లాడకండి. అయిపోయాక కూడా ఆయన నోరు విప్పేదాకా ఆగండి.

ఆ తర్వాత మిగిలే 26 ఎపిసోడ్లకు ఒక కట్టుబాటు పెట్టుకోండి: జోకు ఎప్పుడూ అయిపోయినదాని మీదే, రాబోయేదాని మీద కాదు. నేను ఇది నష్టపోయి నేర్చుకున్నాను. మా మేనకోడలితో చూసేటప్పుడు, జూకో తెర మీదికి రాగానే ‘ఇప్పుడు తిట్టుకో, రేపు వీడి కోసమే ఏడుస్తావ్’ అన్నాను. ఆ పిల్ల నవ్వింది. కానీ ఆ క్షణం నుంచి జూకో ఏ తప్పు చేసినా ‘ఎలాగూ మారతాడుగా’ అని నిమ్మళంగా చూసేసింది. రెండో భాగం చివర్లో అతను పెదనాన్నను కాదని చెల్లెలి పక్షం చేరినప్పుడు నా గుండె జారిపోయింది గతంలో. ఆ పిల్లకు కనీసం చురుక్కుమనలేదు. నా ఒక్క జోకు ఆమె దగ్గర్నుంచి ఆ దెబ్బను లాగేసుకుంది. అది తిరిగి ఇవ్వలేకపోయానని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

క్యాబేజీల మాట మాత్రం మానకండి. అది ఇప్పుడు మీ ఇద్దరిదీ.

ప్రశ్న: అక్కా, మేం ముగ్గురం స్నేహితులం. మొదటి భాగం 20 ఎపిసోడ్లకూ సరదా వ్యాఖ్యానం రికార్డ్ చేసి, ఇదివరకే చూసిన మావాళ్లకు పంపాలని ఉంది. మొదటి ప్రయత్నంలో ముగ్గురం ఒకేసారి మాట్లాడేశాం, ఏమీ అర్థం కాలేదు. ఎలా చేయాలి?

జవాబు: తమ్ముడూ, ‘ఇదివరకే చూసినవాళ్లకు’ అన్న మాట నాకు నచ్చింది. సగం పని అక్కడే అయిపోయింది.

ఈ విద్య కొత్తదేం కాదు. 1984లో ‘కింగ్ కాంగ్’ లేజర్ డిస్క్‌లో రొనాల్డ్ హేవర్ సినిమా నడుస్తుండగా పక్కన కూర్చుని చెబుతున్నట్టు వ్యాఖ్యానం ఇచ్చారు. 1988లో అమెరికాలోని మినియాపొలిస్‌లో ఒక స్థానిక టీవీ ఛానెల్‌లో ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’ మొదలైంది. అందులో ఒక మనిషి, రెండు రోబోలు తెర అడుగున నీడల్లా కూర్చుని నాసిరకం సినిమాల మీద జోకులేస్తారు. మీరు ఎంచుకున్నది నాసిరకం కాదు, అందుకే వాళ్ల పద్ధతి మీకు పనికిరాదు. అక్కడ సినిమా ఖాళీని జోకు నింపుతుంది. ఇక్కడ ఖాళీ లేదు, వెతుక్కోవాలి. వంత పాడేవాళ్లు కథకుడు ఊపిరి తీసుకునేచోట అందుకుంటారు గానీ గొంతు మీద గొంతు వేయరు కదా, అలాగే.

మీ గొంతులు మాత్రమే రికార్డ్ చేయండి. బొమ్మా, దాని సౌండూ వేరేవాళ్ల సొత్తు, వాటిని జత చేయకండి. వినేవాళ్లు తమ దగ్గరున్న ఎపిసోడ్ పెట్టుకుని, మీరు ‘ఒకటి, రెండు, మూడు’ అనగానే ప్లే నొక్కుతారు. టైటిల్ పడే చోట ‘ఇప్పుడు టైటిల్ పడింది’ అని ఒకసారి గుర్తు చేస్తే వెనకబడ్డవాళ్లు సర్దుకుంటారు. ముగ్గురూ హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, లేకపోతే ఎపిసోడ్ సౌండ్ మైకులోకి దూరుతుంది. రికార్డింగుకు ముందు ఎపిసోడ్‌ను నోరు మూసుకుని ఒకసారి చూడండి. నా దగ్గర ఒక రూళ్ల నోట్‌బుక్ ఉంది. ఎడమ పేజీలో నవ్వొచ్చినవి, కుడి పేజీలో పోయినసారి కంటపడనివి రాస్తాను. అసలైన జోకులు కుడి పేజీలోంచే పుడతాయి.

ఉదాహరణకు పోరాటాలు. మాటలు తక్కువ కాబట్టి మీకు చోటు దొరికేది అక్కడే. ఈ సిరీస్‌కు సిఫూ కీసూ అనే యుద్ధవిద్యల గురువు సలహాదారు. నీటి విద్యకు తాయ్ చీ, భూమికి హుంగ్ గార్, నిప్పుకు ఉత్తర షావొలిన్, గాలికి బాగ్వాజాంగ్ ఆధారం. బాగ్వాజాంగ్‌లో సాధనకు మూలం వలయంగా నడవడం. ఇది తెలిశాక ఆంగ్ కాళ్లు చూడండి. ఎదురుగా వెళ్లి గుద్దడం తక్కువ, పక్కకు జారుతూ శత్రువు చుట్టూ తిరగడం ఎక్కువ. నా నోట్‌బుక్‌లో ‘ముందు ప్రదక్షిణం, ఆ తర్వాతే పూజ’ అని రాసుకున్నాను. అది విని నవ్వినవాళ్లు తర్వాతి పోరాటంలో అతని పాదాలే చూస్తారు. మీ జోకు విన్నాక బొమ్మలో ఇంకొంచెం ఎక్కువ కనిపించాలి. కనిపించకపోతే దాన్ని కొట్టేయండి.

సాగే జోకు ఒక్కటి చాలు, అది క్యాబేజీ వ్యాపారి ఖాతా. అయిదో ఎపిసోడ్ ‘ది కింగ్ ఆఫ్ ఒమాషు’లోనే అతనికి రెండుసార్లు నష్టం. ఊరి ద్వారం దగ్గర కాపలావాళ్ల చేతిలో ఒకటి, ఆంగ్ చేతిలో ఇంకోటి. ఖాతా ఇప్పటినుంచే రాసుకుంటూ పోండి. ఎందుకంటే మూడో భాగంలో ఎంబర్ ఐలండ్ నాటకం రాసినవాడికి సమాచారం ఇచ్చినవాళ్లలో ఒక క్యాబేజీ వ్యాపారి కూడా ఉన్నాడని చెబుతారు. తర్వాతి సిరీస్ ‘ది లెజెండ్ ఆఫ్ కోరా’లో ఏకంగా క్యాబేజీ కార్పొరేషన్ వెలుస్తుంది. తీసినవాళ్లూ మీలాగే ఆ జోకును మోసుకుంటూ వచ్చారు.

ఇక ఒకేసారి మాట్లాడటం గురించి: ముగ్గురిలో ఒకరు ఆ ఎపిసోడ్‌కు పెద్ద. అతను చెయ్యెత్తితే మిగతా ఇద్దరూ ఆగాలి. ప్రతి ఎపిసోడ్‌కూ పెద్దను మార్చుకోండి.

ప్రశ్న: మేడమ్, మళ్లీ చూసేటప్పుడు 11వ ఎపిసోడ్ ‘ది గ్రేట్ డివైడ్’ వదిలేయవచ్చా? బోర్.

జవాబు: వదిలేయండి. ఆ లోయ మీదుగా ఎగిరిపోదాం అని ఎంబర్ ఐలండ్ నాటకంలో వాళ్లే అనేశారు.

ప్రశ్న: అమ్మాయీ, నాకు 64 ఏళ్లు. మనవరాలితో కలిసి రెండోసారి చూస్తున్నాను. ఆమె జోకులు చెబుతుంది, నేను తెలిసిన సంగతులు చెబుతాను. గురు పాథిక్ చక్రాల ఎపిసోడ్ రాబోతోంది. ‘అమ్మమ్మా, ఆ రోజు క్లాసు పీకొద్దు’ అంటోంది. నేను ఊరుకోవాలా?

జవాబు: అమ్మగారూ, ఊరుకోవద్దు. ఆ ఎపిసోడ్‌కు మీలాంటి వ్యాఖ్యాత దొరకడం ఆ పిల్ల అదృష్టం. కాకపోతే క్లాసులా కాదు, ఒక్కో చక్రానికి ఒక్కో మాట.

39వ ఎపిసోడ్ అది, పేరు ‘ది గురు’. మొదట పాథిక్ ఆంగ్‌ను ఒక పిల్లకాలువ దగ్గర కూర్చోబెట్టి, చిన్న చిన్న మడుగుల్లో పేరుకున్న నాచును కర్రతో తీసి నీళ్లు ఎలా కదులుతాయో చూపిస్తాడు. అక్కడ మీరిద్దరూ ఏమీ అనక్కర్లేదు, అంత బాగుంటుంది. ఆ తర్వాత భూమి చక్రం అంటే మీరు ‘మూలాధారం’ అనండి. నీరు స్వాధిష్ఠానం, నిప్పు మణిపూరకం, గాలి అనాహతం. అయిదోది శబ్దం అంటాడు. అక్కడ కాస్త ఆగి చెప్పండి. విశుద్ధం ఆకాశతత్త్వం, ఆకాశానికి గుణం శబ్దం కదా, అందుకే ఆ పేరు అతికింది. ఆరోది కాంతి, నొసట ఆజ్ఞ. ఏడోది సహస్రారం. ఒక్కో చక్రాన్ని ఏది మూస్తుందో కూడా పాథిక్ చెబుతాడు: భయం, అపరాధభావం, సిగ్గు, దుఃఖం, అబద్ధం, భ్రమ, బంధం. ఆ ఏడింటినీ మీ మనవరాలినే వేళ్ల మీద లెక్కపెట్టమనండి.

ఉల్లిపాయ, అరటిపండు కలిపిన పానీయం వచ్చినప్పుడు మాత్రం మైకు ఆమెకే వదిలేయండి.

ఒక్క చోట ఇద్దరూ కలిసి చూడాల్సింది ఉంది. ఆరో చక్రం దగ్గర పాథిక్, నాలుగు భూతాలు వేరువేరన్నదే భ్రమ అంటాడు. లోహం కూడా శుద్ధి చేసిన భూమేనంటాడు. అదే సమయంలో ఎక్కడో దూరాన ఒక ఇనుప పెట్టెలో టోఫ్ బందీ. ఆమెకు ఆ గురువెవరో తెలియదు, ఆ మాట వినలేదు. చేతులు పెట్టె గోడకు ఆనించి, ఆ ఇనుములో మిగిలిన కాస్త మట్టిని పసిగడుతుంది. తర్వాత ఇనుము వంగుతుంది. మొదటిసారి మీరు ఆ రెండు దృశ్యాలనూ విడివిడిగా చూసి ఉంటారు. ఈసారి గురువు మాట అవగానే మనవరాలి చెయ్యి పట్టుకుని ‘ఇప్పుడు చూడు’ అనండి చాలు. ఆమె ఏమందో నాకు రాయండి.