లెక్కల సందేహాలు: సూత్రాన్ని తిప్పి రాసేటప్పుడు

ప్రశ్న: పక్షాంతరం చేస్తే గుర్తు మారుతుందన్నారు కదా. మరి 3ఎక్స్ = 12లో 3 అవతలికి వెళ్లినా −3 ఎందుకు కాదు?
– 8వ తరగతి విద్యార్థి, నల్గొండ

జవాబు: నిజానికి ఏదీ అవతలికి వెళ్లదు. రెండు వైపులా ఒకే పని చేస్తాం, అంతే. ఎక్స్ + 3 = 12 అయితే, కూడి ఉన్న 3ను పోగొట్టడానికి రెండు వైపులా 3 తీసేస్తాం; చూసేవాళ్లకు 3 గుర్తు మార్చుకుని దూకినట్టు కనిపిస్తుంది. 3ఎక్స్‌లో 3 కూడిక కాదు, గుణకం. దాన్ని పోగొట్టేది భాగహారమే కాబట్టి ఎక్స్ = 4. అలాగే −3ఎక్స్ = 12 అయితే భాగించాల్సింది −3తో, గుర్తుతో సహా. జవాబు −4. పరీక్షల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

ప్రశ్న: ఫారన్‌హీట్ = (9/5) × సెల్సియస్ + 32. దీన్నుంచి సెల్సియస్ కావాలంటే 5/9తో గుణించి 32 తీసేశాను. 98.6కు 22.8 వచ్చింది!
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: చేసిన పనులు రెండూ సరైనవే, వరుస తప్పింది. సూత్రంలో సెల్సియస్‌ను ముందు 9/5తో గుణించి, ఆ తర్వాత 32 కలిపారు. విప్పేటప్పుడు చివర చేసిన పనిని ముందు తీయాలి: చొక్కా మీద కోటు వేసుకున్నవాడు ముందు కోటే విప్పాలి కదా. 98.6 − 32 = 66.6, దాన్ని 5/9తో గుణిస్తే 37. ముందే గుణించాలని పట్టుబడితే 32ను కూడా 5/9తో గుణించాలి. మీరు దాన్ని వదిలేశారు.

ప్రశ్న: నూటికి 2 రూపాయల బారువడ్డీ, 15 నెలలు. అసలూ వడ్డీ కలిపి 65,000. వడ్డీ 30 శాతమే కదా అని తీసేస్తే అసలు 45,500 తేలింది. ప్రోనోటులో 50,000 ఉంది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, గుడివాడ

జవాబు: ప్రోనోటునే. ఆ 30 శాతం అసలు మీద కట్టినది. మీరు మొత్తం మీద కట్టి తీసేశారు. సూత్రం ఇదీ:

మొత్తం = అసలు + (అసలు × రేటు × నెలలు ÷ 100)

కావలసిన 'అసలు' రెండు చోట్ల ఉంది. ఒకదాన్ని మాత్రమే విడదీసి లాభం లేదు, రెండో వైపు మళ్లీ అదే మిగిలిపోతుంది. అందుకే ఉమ్మడిగా బయటికి తీయాలి:

మొత్తం = అసలు × (1 + రేటు × నెలలు ÷ 100)

బ్రాకెట్లోని 1ని చాలామంది మరిచిపోతారు. బయటికి తీసిన 'అసలు' స్థానంలో సున్నా కాదు, 1 మిగులుతుంది. అది వదిలేస్తే 65,000 ÷ 0.3, అంటే రెండు లక్షల పైచిలుకు వస్తుంది. తిరిగొచ్చిన మొత్తం కన్నా ఇచ్చిన అసలు పెద్దదవుతుందా? సరిగ్గా చేస్తే 65,000 ÷ 1.3 = 50,000. సరిచూసుకోండి: నెలకు 1,000 వడ్డీ, 15 నెలలకు 15,000.

ఇంకో మాట. పాఠ్యపుస్తకంలో రేటు ఏడాదికి ఉంటుంది. ఆ సూత్రం వాడితే రేటు 24, కాలం 1.25 ఏళ్లు. రేటు 24 పెట్టి కాలం 15 అని రాస్తే వడ్డీ పన్నెండింతలవుతుంది. చక్రవడ్డీకి ఈ సూత్రం పనికిరాదు.

ప్రశ్న: రెండు మోటార్లు కలిసి ట్యాంకును 6 గంటల్లో నింపుతాయి. మొదటిదానికే అయితే 10 గంటలు. 1/6 = 1/10 + 1/రెండోది అని రాసి, అన్నిటినీ తలకిందులు చేస్తే −4 వచ్చింది.
– ఇంటర్ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఒక్కో వైపు ఒక్కో భిన్నమే ఉన్నప్పుడు తలకిందులు చేయొచ్చు. కూడికలోని ముక్కలను విడివిడిగా తిరగేయకూడదు. ముందు 1/10 తీసేయండి: 1/6 − 1/10 = 2/30 = 1/15. ఇప్పుడు రెండు వైపులా ఒక్కటే ఉంది, తిరగేయండి. 15 గంటలు.