"ప్రకృతి ఎంచుకుంది" అని రాసే ముందు

అమ్మా,

నీ కప్పల వ్యాసం రెండుసార్లు చదివాను. ఎర్రపొట్ట కప్పలు పల్లపు చెరువుల్లో, పసుపుపొట్ట కప్పలు కొండవాలు నీటిగుంటల్లో ఉంటాయనీ, పోలండ్‌లో క్రాకోవ్ దగ్గర రెండూ జతకట్టి సంకర సంతానాన్ని కంటున్నాయనీ కళ్లకు కట్టినట్టు రాశావు. నా అభ్యంతరం ఒక్క వాక్యం మీదే: "ఈ సరిహద్దును ప్రకృతి ఎంచుకుంది." అలా రాసే ముందు, అసలు వరణమే (తట్టుకోగలవి మిగిలి, తట్టుకోలేనివి పోవడమే) పనిచేయకపోతే అక్కడ ఏం కనిపించేదో ఆలోచించాలి.

దానికి లెక్క ఉంది. ఈ కప్పలు తరానికి సుమారు ఒక కిలోమీటరు జరుగుతాయి. మంచుయుగం ముగిశాక రెండు జాతులూ వేర్వేరు తావుల నుంచి వ్యాపించి కలుసుకున్నాయి. అది జరిగి వేల ఏళ్లయింది. సంకరాలకు ఏ నష్టమూ లేకపోయుంటే, రెండు జాతులూ కలిసిపోయే ఆ కలగలుపు పట్టీ తరతరానికీ వెడల్పవుతూ ఈపాటికి వంద కిలోమీటర్లు దాటేది. కానీ జీవశాస్త్రజ్ఞులు యాట్సెక్ షిమురా, నికొలస్ బార్టన్ 1986లో ప్రచురించిన కొలతలో అది ఆరు కిలోమీటర్లే. 1991లో వాళ్లే, దాదాపు 200 కిలోమీటర్ల అవతల ప్షెమిషల్ దగ్గర కూడా ఇంచుమించు అంతే వెడల్పు ఉందని చూపించారు. పైగా వాళ్లు పరీక్షించిన వేర్వేరు జన్యువులన్నీ ఒకే చోట మారుతున్నాయి. యాదృచ్ఛికమే అయితే ఒక్కో జన్యువు ఒక్కో దారి పట్టేది. పట్టీ మధ్యలోని సంకర కప్పల మనుగడ సామర్థ్యం, శుద్ధ జాతులతో పోలిస్తే, సగానికి కాస్త పైనే ఉంటుందని వాళ్ల అంచనా. ఆ నష్టంలో కొంత గుడ్డు దశలోనే జరుగుతుంది. వ్యాసంలో నువ్వు చూపించాల్సింది ఆ గుడ్లనే. అవి కనిపిస్తే ప్రకృతి చేత ఏ నిర్ణయమూ చేయించనక్కర్లేదు.

అలాగని అదృష్టాన్ని పక్కన పెట్టకు. ఏ జాతి మంచుయుగంలో ఎక్కడ తలదాచుకుంది, ఎవరు ముందు ఏ లోయకు చేరారు అన్నదాంట్లో చరిత్ర పాత్ర చాలా ఉంది. పట్టీని ఇరుకుగా ఉంచేది వరణమే, కానీ అది ఈ చోటే ఎందుకు పడిందో ఆ ఒక్కదానితో చెప్పలేం. ఇక చిన్న గుంటల సంగతి. నాలుగైదు జతలే గుడ్లు పెట్టిన గుంటలో ఒక జన్యురూపం మాయమైతే, అది పనికిరానిదని కాదు. ఆ ఏడాది బొరుసు పడిందంతే. నువ్వు ఒకే చెరువు అంకెలతో పెద్ద మాట చెప్పావు. పక్క చెరువులూ చూడాలి, అన్నిచోట్లా అదే తీరు ఉందో లేదో.

పాఠకులకు కారణం కావాలి, నిజమే. "దీనికి ప్రత్యేక కారణం లేదు, అలా జరిగింది" అంటే వాళ్లు ఒప్పుకోరేమోనని నీకు టెన్షన్ ఉండొచ్చు. ఒప్పుకుంటారు, లెక్క చూపిస్తే. ఆ లెక్క చూపే పేరాకు చోటు తగ్గించకు.

తర్వాత కాకుల మీద రాయి. యూరప్‌లో నల్లకాకి, బూడిదరంగు కాకి కలిసే పట్టీ ఉంది. 2014లో అరవై కాకుల జీనోములు (మొత్తం డీఎన్ఏ) చదివితే, వాటిలో కనిపించిన 84 లక్షల తేడాల్లో రెంటినీ పూర్తిగా వేరుచేసేవి 82 మాత్రమే తేలాయి. వాటిలో 81, 18వ క్రోమోజోమ్‌లో ఒకే చోట ఉన్నాయి. మిగతా లక్షల తేడాల గురించి ఏం రాస్తావో చూడాలని ఉంది. ముందు కప్పల మూడో పేరా తిరగరాసి పంపు.

ఆశీస్సులతో