సీట్లు ఊడదీసే ముందు బ్యాటరీ సంగతి చూడండి

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో రెండు సీట్ల ఓపెన్‌టాప్ స్పోర్ట్స్ కారు కొన్నాం. డ్రైవర్ సీటు అంచున ఉబ్బెత్తుగా ఉండే పక్క దిమ్మ కుంగి, తోలు చిట్లింది. నెల్లూరులో సీట్లు కుట్టే ఆయన ‘కారు అక్కర్లేదు, సీట్లు ఊడదీసి తెచ్చేయండి’ అంటున్నాడు. ఇంట్లోనే ఊడదీయొచ్చా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఊడదీయొచ్చు. గంట, గంటన్నర పని. బోల్టులు సాధారణంగా నాలుగే. జాగ్రత్తంతా సీటు కింద కనిపించే పసుపు కనెక్టర్ దగ్గర. సీటు వీపులో ఉండే సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కు, చాలా కార్లలో బెల్టును బిగించే ప్రీటెన్షనర్‌కు వెళ్లే వైర్లు అవి. రెండింటిలోనూ పేలే మందు ఉంటుంది.

ఎక్కువమంది ముందే బ్యాటరీ తీసేస్తారు. మోటారు సీటైతే ఆ తర్వాత అంగుళం కూడా కదలదు, సగం బోల్టులు సీటు కిందే దాక్కుంటాయి. కాబట్టి కరెంటు ఉండగానే సీటు పూర్తిగా వెనక్కి జరిపి ముందు బోల్టులు, పూర్తిగా ముందుకు జరిపి వెనక బోల్టులు తీసి, సీటును మధ్యకు తెచ్చి ఆపండి. తర్వాత ఇగ్నిషన్ ఆపి, నెగటివ్ టెర్మినల్ విప్పండి. మీరు మోడల్ రాయలేదు. బ్యాటరీ డిక్కీలో ఉండి, ఆ మూత కరెంటు లాక్‌తో తెరుచుకునే రకమైతే మాత్రం మూత వేసేయకండి.

ఇక పదిహేను నిమిషాలు ఆగాలి. కారు మాన్యువల్ ఇంకా ఎక్కువ చెబితే అంతసేపు. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా ఎయిర్‌బ్యాగ్ పేలేందుకు దాని యూనిట్‌లో కెపాసిటర్ కొంత కరెంటు దాచుకుంటుంది. అది ఖాళీ కావాలి. ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయేలా బాడీ ఇనుమును ఒకసారి ముట్టుకుని, సీటు వెనక్కి వాల్చి, పసుపు కనెక్టర్ లాక్ ఎత్తి లాగండి. వైర్లు పట్టుకుని లాగకూడదు. ఆ వైర్ల మీద మల్టీమీటర్, టెస్ట్ లైటు పెట్టనే కూడదు. సీటు బయట ఉన్నన్నాళ్లూ ఇగ్నిషన్ వేయకండి. వేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, చాలా కార్లలో స్కానర్‌తో చెరిపేదాకా ఆరదు.

మీది సముద్రపు గాలి తగిలే ఊరు. పైగా ఓపెన్‌టాప్, కార్పెట్ కిందికి వాన నీరు దిగి ఉండొచ్చు. బోల్టులు తుప్పు పట్టి ఉంటే ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టండి. బోల్టు తలలో నక్షత్రం ఆకారపు గాడి ఉంటే అందులోని మట్టి సూదితో గీకి, సరైన సైజు బిట్ అడుగుదాకా దిగేట్టు సుత్తితో తట్టాకే తిప్పండి. సగం దిగిన బిట్ గాడిని గుండ్రం చేసేస్తుంది. అప్పుడు డ్రిల్లే దిక్కు.

మోటారు సీటు పాతిక కిలోల పైనే ఉండొచ్చు. ఇద్దరు పట్టాలి. కారు డోర్ గడప మీద పాత బొంత పరవండి, సీటు జరిగే రైలు అంచులు పెయింటును కోసేస్తాయి. చేత్తో జరిపే సీటైతే బయటికి తీశాక కడ్డీ లాగొద్దు. ఒక పక్క రైలు జారి రెండోది జారకపోతే, తిరిగి పెట్టేటప్పుడు రంధ్రాలు కలవవు.

బిగించేటప్పుడు నాలుగు బోల్టులూ ముందు వేళ్లతో ఎక్కించి, ఆపైన మాన్యువల్‌లో ఉన్న బిగువుకు టార్క్ రెంచితో బిగించండి. కనెక్టర్లు పెట్టాక బ్యాటరీ కలపండి. మొదటిసారి ఇగ్నిషన్ వేసేటప్పుడు సీట్లో ఎవరూ కూర్చోవద్దు.

ప్రశ్న: సీటు పక్కన ‘ఎయిర్‌బ్యాగ్’ అని చీటీ ఉంది. కుట్టే ఆయన అన్ని అతుకులకూ లావు దారంతో డబుల్ కుట్టు వేస్తానంటున్నాడు. మంచిదేనా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఆ చీటీ ఉన్న వైపు అతుకు దగ్గర మాత్రం వద్దు. ఎయిర్‌బ్యాగ్ చీల్చుకుని రావడానికి కంపెనీ అక్కడ కావాలనే తేలిగ్గా తెగే దారం వాడుతుంది. గట్టి కుట్టు వేస్తే బ్యాగ్ ఆలస్యంగానో, రాకూడని వైపునో తెరుచుకుంటుంది. సీటు ఇచ్చేముందు ఆ అతుకుకు సుద్దతో గీత గీసి, ఆ ముక్కను, లోపల బ్యాగ్‌కు దారి చూపే గుడ్డను అలాగే ఉంచి మిగతాది మార్చమనండి. ఆ ముక్కే చిరిగితే కంపెనీ కవరు తెప్పించుకోవాలి, ఖరీదైనా సరే. పైన తొడిగే రెడీమేడ్ కవర్లదీ ఇదే తంటా.

పక్క సీటు కుషన్‌లో మనిషి కూర్చున్నదీ లేనిదీ కనిపెట్టే సెన్సర్ పొర ఉండొచ్చు. దానికి కవరు బిగించే ఇనుప రింగులు గుచ్చకూడదు, మడత పడకూడదు, పైన అదనపు ఫోమ్ వేయకూడదు. కుంగిన పక్క దిమ్మలో దూది కుక్కడం మాన్పించండి. 40 డెన్సిటీ ఫోమ్ ముక్క అతికించి, ఆకారానికి చెక్కాకే కవరు ఎక్కాలి. లేదంటే కొత్త తోలూ ముడతలు పడుతుంది.

ప్రశ్న: రెండు సీట్లకు ఎంత మెటీరియల్ కొనాలి?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: 54 అంగుళాల వెడల్పు రెక్సిన్ అయితే నాలుగు మీటర్ల దాకా. తోలు చదరపు అడుగుల్లో అమ్ముతారు. మచ్చలు, కంతలు తీసేస్తే తరుగు పోతుంది గనుక పాత కవరు విప్పి, ఆ ముక్కలు తోలు మీద పరిచి చూశాకే కొనండి. చెన్నై పెరియమేట్‌కు వెళ్తే చెప్పుల తోలు కాకుండా 1 నుంచి 1.4 మిల్లీమీటర్ల మందమున్న ఆటో తోలు అడగండి. దారం పాలిస్టర్. నూలు దారం చెమటకు, ఎండకు పుచ్చిపోతుంది. ఓపెన్‌టాప్‌కు నలుపు వద్దు, రోహిణి కార్తెలో కూర్చోలేరు.