పత్తి రైతైన నాన్నకు మానసిక వైద్యం: హైదరాబాద్ వెళ్లాలా, దగ్గర్లోనే చూపించాలా?

పంట పోయినప్పటి నుంచి మీ నాన్నగారికి రాత్రిళ్లు నిద్ర లేదని, చేను వైపు వెళ్లడం మానేశారని, మానసిక వైద్యుడి దగ్గరికి రమ్మంటే "నాకేమన్నా పిచ్చా" అంటున్నారని, హైదరాబాద్‌లో చూపించాలా అని మీరు అడిగారు. ముందుగా హైదరాబాద్ వద్దనే నేను అంటాను. జనగామ వైపు పత్తి పండించే మా చిన్నాన్న విషయంలో, మొదటిసారి ఆసుపత్రికి తీసుకువెళ్లడం కన్నా ఆ తర్వాత నెలల తరబడి మందులు ఆగకుండా చూడటమే కష్టమైంది. కాబట్టి పొద్దున బస్సెక్కి చీకటి పడేలోగా ఇంటికి రాగలిగే ఆసుపత్రిని ఎంచుకోండి.

మనసు బాగాలేదని మా చిన్నాన్న ఒక్కనాడూ అనలేదు. గుండె దడ, కడుపులో మంట, ఒళ్లు నొప్పులు అనేవాడు. ఊళ్లోని ఆర్‌ఎంపీ పిలిచినప్పుడల్లా వచ్చి గ్లూకోజు ఎక్కించి సూది వేసేవాడు; ఆ పూటకు తేలికపడేది, ఖర్చు మాత్రం అప్పుల పద్దులో చేరేది. చివరికి నిద్రకు మందు రాయించుకుందామంటే కాదనకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చాడు. అందులో మోసమేమీ లేదు, నిద్ర నిజంగానే లేదు కదా. మీరు కూడా ఆయన ఒప్పుకునే బాధ పేరుతోనే తీసుకువెళ్లండి. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఏయే రోజుల్లో చూస్తారో ముందే కనుక్కోండి.

డిప్రెషన్‌కు ఇచ్చే మందుల గుణం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఈలోగా వికారం, తలనొప్పి వంటివి రావచ్చు. ఈ సంగతి ముందే చెప్పకపోతే, మందు పడలేదని పెద్దవాళ్లు వారానికే ఆపేస్తారు. కాస్త కుదుటపడగానే మానేయడం ఇంకో చిక్కు, అదీ పత్తి ఏరే రోజుల్లో, కూలీలు దొరకక ఇంటిల్లిపాదీ చేలో ఉన్నప్పుడు. అందుకే పనుల కాలం ఎప్పుడో డాక్టరుకు చెప్పి, వీలైనన్ని ఎక్కువ రోజులకు మందులు అడిగి తెచ్చుకోండి. మా చిన్నమ్మ ఆ మాత్రలను బీపీ గోళీల డబ్బాలోనే పెట్టి, ఇరుగుపొరుగు అడిగితే బీపీకేనని చెప్పేది. దాపరికం తగదనే వాళ్లుంటారు గాని, ఊళ్లో బతకాల్సింది ఆమె, మందు ఆగకపోవడమే నాకు ముఖ్యమనిపించింది. మధ్యలో సందేహాలొస్తే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416 ఉంది. రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

మందులు వడ్డీని తగ్గించవు. ఎవరికి ఎంత ఇవ్వాలో ఆయన పక్కన కూర్చుని రాయండి, షావుకారుతో గడువు అడగడానికి ఆయనను ఒంటరిగా పంపకండి.

పురుగుమందుల డబ్బాలు ఇంట్లో ఉంటే ఈ రోజే ఆయనకు అందని చోటికి తరలించి తాళం వేయండి. చావు మాట ఎత్తితే బెదిరింపుగా కొట్టిపారేయకండి, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఆయనను ఒంటరిగా వదలకుండా, ఓపీ రోజు కోసం చూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఒకవేళ జరగరానిది జరిగితే వెంటనే 108కి ఫోన్ చేసి, తాగిన మందు డబ్బాను వెంట తీసుకువెళ్లి డాక్టరుకు చూపించండి. పోలీసు కేసు అవుతుందని భయపడి మందు పేరు దాచే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వేరుగా రుజువైతే తప్ప శిక్షించకూడదు. ఆసుపత్రిలో పోలీసులు వివరాలు రాసుకున్నా, చికిత్స ఆలస్యం కానివ్వకండి.