క్వార్టర్ చివరి సంతకం

బుజ్జమ్మా,

మొన్న ఫోన్లో రెండు విషయాలు అడిగావు. కంపెనీ రిజల్ట్స్ వచ్చినప్పుడు ముందు ఏం చూడాలి మామయ్యా అని ఒకటి. ఎథిక్స్ ట్రైనింగ్ అని గంటలకొద్దీ వీడియోలు చూపించారు, వాటిని నిజంగా ఎవరైనా పట్టించుకుంటారా అని రెండోది. నేను నవ్వేసి ఫోన్ అమ్మకిచ్చాను. ఆయిల్‌ఫీల్డ్ సర్వీసుల్లో, అంటే చమురు బావుల దగ్గర పనులు చేసిపెట్టే కంపెనీల్లో, 30 ఏళ్లు చేసి కావలి వచ్చి కూర్చున్నవాణ్ణి, నవ్వి ఊరుకుంటే ఏం బాగుంటుంది? ఆ రెండూ ఒకే చోట కలుస్తాయి, అందుకే రాస్తున్నా.

మొదటిదానికి మీ ఇంటి లెక్క చాలు. కిందటేడు రొయ్యలు పట్టిన రోజు గుర్తుందా? సాయంత్రం గుంట గట్టు మీద 40 కౌంట్, అంటే కిలోకి 40 రొయ్యలు, అన్నారు. రాత్రి కాటా దగ్గరికొచ్చేసరికి 45 అయింది, రేటు దిగింది. బండి వెళ్లిపోయింది. మీ నాన్న పుస్తకంలో అమ్మకం రాసుకున్నారు, లాభమూ రాసుకున్నారు. డబ్బు మాత్రం రెండు నెలలు రాలేదు. మేత డీలరేమో రోజూ పొద్దున్నే అరుగు మీద.

నువ్వు ఫైనాన్స్‌లో చేసే మీ ఆయిల్‌ఫీల్డ్ కంపెనీదీ అదే కథ. బావిలో లాగింగో (లోపలి రాతి పొరల్ని కొలవడం) సిమెంటింగో (గొట్టం చుట్టూ సిమెంటు నింపడం) చేస్తారు. రిగ్ మీద క్లయింట్ తరఫున ఉండే కంపెనీ మ్యాన్ పని అయిందని జాబ్ టికెట్ మీద సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఇన్వాయిస్, ఎప్పటికో డబ్బు. అందుకని లాభం జోలికి పోకముందే క్యాష్ ఫ్లో పేజీ తియ్యి, నిజంగా ఎంత డబ్బు వచ్చిందో ఎంత పోయిందో అక్కడుంటుంది. అమ్మకాలు 10 శాతం పెరిగి, రావాల్సిన బాకీలు 30 శాతం పెరిగాయంటే ఎందుకో అడగాల్సిందే. ‘అడ్జస్టెడ్’ అన్న మాట కనిపిస్తే ఏ ఖర్చులు పక్కన పెట్టారో చదువు. ‘ఈ ఒక్కసారికే’ అన్న ఖర్చు ఏటా వస్తుంటే అది మామూలు ఖర్చే, మా ఊరి తిరునాళ్ల చందా లాగా.

నష్టం వస్తే కంగారు పడకు. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో చమురు ధర సున్నా కిందికి పోయింది. అలాంటప్పుడు ఎవరికైనా నష్టమే. అసలు భయం ముందే చెప్పేసిన అంకెకీ వచ్చిన అంకెకీ మధ్య సందు పడినప్పుడు మొదలవుతుంది.

వెదర్‌ఫోర్డ్ సంగతి చూడు, మన రంగంలో పెద్ద కంపెనీ. ఇంత పన్ను పడుతుందని మార్కెట్‌కి చెప్పిన లెక్క, అసలు లెక్కతో కలవలేదు. లోపల లేని పద్దు వేసి కలిపేశారు. 2007 నుంచి 2012 దాకా లాభాలు 90 కోట్ల డాలర్లకు పైగా ఎక్కువ చూపించారని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ తేల్చింది. 2016లో 14 కోట్ల డాలర్ల జరిమానా కట్టారు. అంతకుముందే, 2013లో, లంచాల కేసులూ ఆంక్షలున్న దేశాలకు సరుకు పంపిన కేసులూ కలిపి 25 కోట్ల డాలర్లకు పైగా కట్టారు. 2019లో దివాలా రక్షణకు వెళ్లింది అప్పుల భారం వల్లే, దాన్ని ఈ ఖాతాలో వేయను. కానీ లంచాల కేసూ లెక్కల కేసూ ఒకే ఇంట్లో పుట్టాయి చూశావా? మనవాళ్లకి ఇంత దూరం పోనక్కర్లేదు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ రామలింగరాజుగారు లెక్కలు పెంచి చూపించామని ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం తెలుగువాళ్లందరం చదివాం. చిన్న తేడాతో మొదలై పెరుగుతూ పోయిందని ఆయనే రాశారు.

ఇప్పుడు నా సంగతి. మీ అమ్మకి కూడా చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ఒక క్వార్టర్, అంటే మూడు నెలల లెక్క, ముగిసే ఆఖరి వారం. మా టూల్స్ ఒక పోర్టులో కస్టమ్స్ దగ్గర ఇరుక్కున్నాయి. రిగ్ ఖాళీగా ఉంది, పైనుంచి గంటకో ఫోన్. క్లియరింగ్ ఏజెంట్ ఒక్కరోజులో విడిపించాడు. బిల్లులో అన్నిటికీ రసీదులున్నాయి, ‘స్పెషల్ హ్యాండ్లింగ్’ అన్న ఒక్క లైనుకి తప్ప. అదేమిటని నేను అడగలేదు. ఏమిటో తెలుసు కాబట్టే అడగలేదు. సంతకం పెట్టాను. రెండేళ్ల తర్వాత హెడ్ ఆఫీసు నుంచి ఆడిట్‌కి వచ్చినావిడ ఆ కాగితమే నా ముందు పెట్టి, ఆ లైను మీద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టింది. ఏమీ మాట్లాడలేదు. ఏసీ గదిలో నా చొక్కా తడిసిపోయింది. మెమో ఇచ్చారు, రావాల్సిన ప్రమోషన్ ఆగింది. ఉద్యోగం పోలేదంటే అదృష్టం.

ఇలాంటి లైన్లే పనాల్పినా అనే రవాణా కంపెనీ బిల్లుల్లోనూ ఉండేవి, ‘లోకల్ ప్రాసెసింగ్’ లాంటి పేర్లతో. 2010లో దానితో పాటు దాని క్లయింట్లయిన చమురు రంగ కంపెనీలూ కలిసి లంచాల కేసుల్లో 23 కోట్ల డాలర్లకు పైగా కట్టాయి. లంచం ఏజెంట్ ఇచ్చాడు, మాకేం సంబంధం అంటే చెల్లలేదు.

‘చిన్న మొత్తమేగా, పని త్వరగా అవ్వడానికే’ అని నీతోనూ అంటారు. విదేశీ అధికారులకు లంచాలివ్వకూడదన్న 1977 నాటి అమెరికా చట్టంలో అలాంటి వాటికి తప్పించుకునే సందు కాస్త ఉంది. 2010 నాటి బ్రిటన్ చట్టంలో లేదు. మన 1988 చట్టాన్ని 2018లో మార్చాక ఇచ్చినవాడికీ ఏడేళ్ల దాకా జైలు ఉంది. బలవంతం మీద ఇస్తే ఏడు రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. కాబట్టి అమెరికా సందు ఇక్కడ నీకు పనికిరాదు.

ఫైనాన్స్‌లో నీ దగ్గరికి ఎవరూ సూట్‌కేసుతో రారు. ‘ఈ టికెట్ తేదీ 2 అని ఉంది, కిందటి క్వార్టర్‌లోకి వచ్చేలా 30 అని వెయ్యమ్మా, సంతకం రేపు వస్తుంది’ అంటూ వస్తారు. అప్పుడు వాదన పెట్టుకోకు. ‘సార్, మెయిల్లో పెట్టండి, ఎక్కిస్తాను’ అను. సగం మంది అక్కడే ఆగిపోతారు. నిజంగా మెయిల్ పెట్టారనుకో, ఎక్కించకుండా లెక్కలన్నీ చూసే కంట్రోలర్‌కి పంపు. అక్కడా కాకపోతే ఫిర్యాదులకి కంపెనీ హాట్‌లైన్ ఉంది. ఊహలు వద్దు, చూసింది, తేదీ, బిల్లు నంబరు, అంతే చెప్పు. ఆఫీసు కాగితాలు సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, చివరికి తప్పు నీదవుతుంది. దీపావళికి ప్రభుత్వ సంస్థ ఆఫీసరుకి నెల్లూరు మలైకాజా డబ్బా ఇవ్వాలన్నా ముందు రూల్స్ చూసే కంప్లయన్స్ వాళ్లని అడుగు. నవ్వుతారు, నవ్వనీ.

వచ్చే నెల రిజల్ట్స్ బయటికి రాగానే ఆ క్యాష్ ఫ్లో పేజీ ప్రింటు తీసి తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. పెద్ద అక్షరాల్లో తియ్యి, నా కళ్లద్దాలు ఇంకా మార్పించలేదు.

మామయ్య