హెటెరోసైక్లిక్ ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి ఏడాది చదువుతోంది. వచ్చే ఏడాది ప్రాజెక్టుకి నైట్రోజన్ ఉన్న హెటెరోసైక్లిక్ సమ్మేళనాల తయారీని ఎంచుకుంటానంటోంది. దీనితో ఉద్యోగం వస్తుందా? పీహెచ్‌డీ తప్పదా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: నిశ్చింతగా ఎంచుకోనివ్వండి. హెటెరోసైక్లిక్ అంటే కార్బన్‌తో పాటు నైట్రోజన్ వంటి వేరే పరమాణువు కూడా ఉన్న వలయం (రింగు). మీ ఇంటి మందుల డబ్బా తెరిస్తే ఈ వలయాలే ఎక్కువ కనిపిస్తాయి. గ్యాస్‌కి వాడే ఒమెప్రజోల్‌లో బెంజిమిడజోల్, టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్‌లో పిరిడిన్, బీపీ మాత్ర ఆమ్లోడిపిన్‌లో డైహైడ్రోపిరిడిన్ ఉంటాయి. ఈ చివరి రకం వలయాన్ని ఆల్డిహైడ్, కీటోఎస్టర్, అమోనియాలతో కట్టే పద్ధతిని జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాంట్ష్ 1880ల్లోనే చూపించాడు. బీపీ మందుగా అది పనికొచ్చింది మాత్రం ఎన్నో దశాబ్దాల తర్వాతే. వలయంలోని నైట్రోజన్ శరీరంలోని ప్రొటీన్లతో హైడ్రోజన్ బంధం ఏర్పరచుకోగలదు. చాలా మందుల్లో దీనికి అంత ప్రాధాన్యం రావడానికి అదొక కారణం.

ఇక ఉద్యోగం సంగతి. జీడిమెట్ల, జీనోమ్ వ్యాలీ, విశాఖ దగ్గరి పరవాడ మందుల కంపెనీల్లో ప్రాసెస్ ఆర్ అండ్ డీ (తయారీ పద్ధతిని మెరుగుపరచడం), క్యూసీ (నాణ్యత పరీక్ష) పనులకు ఎమ్మెస్సీ చాలు. మొదట్లో జీతం గొప్పగా ఉండదు, క్యూసీలో షిఫ్టులూ ఉంటాయి. కొత్త మందు అణువులను డిజైన్ చేసే స్థాయికి వెళ్లాలంటే మాత్రం పీహెచ్‌డీ దాదాపు తప్పదు. దానికి సీఎస్ఐఆర్ నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. హైదరాబాద్‌లోనే ఐఐసీటీ (కేంద్ర ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ) ఉంది కాబట్టి మరీ దూరం పంపాలన్న టెన్షన్ అక్కర్లేదు.

నా అసలు భయం వేరే. డబ్బు కట్టి బయటి ల్యాబ్‌లో చేయించుకున్న ప్రాజెక్టులు ఎక్కువైపోయాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ‘ఈ స్టెప్‌లో ఈ బేస్ ఎందుకు వాడావు, ఈల్డ్ ఎందుకు తగ్గింది?’ అని అడగగానే అవి బయటపడిపోతాయి. మీ అమ్మాయి తన చేత్తో రియాక్షన్ పెట్టాలి, టీఎల్‌సీ (రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూపే పరీక్ష) చూసుకోవాలి, కాలమ్ నడిపి పదార్థాన్ని వేరుచేయాలి, అణువు నిర్మాణాన్ని చూపే ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రం తనే చదవాలి. చేసేది నాలుగు సమ్మేళనాలే అయినా ఫర్వాలేదు. టాపిక్ ఖాయం చేసే ముందు గైడ్‌ని రెండు విషయాలు అడగమనండి: ఎన్‌ఎంఆర్ ఎక్కడ తీయిస్తారు, ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ (హానికర ఆవిర్లను బయటికి లాగే ఏర్పాటు) పనిచేస్తోందా?