నిరోధమా? ప్రతిఘటనా?

సందేహం: పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. 'రెసిస్టెన్స్' అనే మాటకు భౌతికశాస్త్రం పుస్తకంలో నిరోధం అని ఉంది, చరిత్ర పుస్తకంలో ప్రతిఘటన అని ఉంది, ఆరోగ్య వార్తల్లో నిరోధకత అంటున్నారు. ఈమధ్య ఒక నమూనా ప్రశ్నపత్రంలో 'వాహకం యొక్క ప్రతిఘటన' అనీ, మరో దాంట్లో 'రజాకార్లకు ప్రజల నిరోధకత' అనీ చూశాను. ఇవి సరైనవేనా? ఏది ఎక్కడ వాడాలి?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాదు

సమాధానం: అమ్మా, మీరు చూసిన రెండు ప్రయోగాలూ తప్పే. ఇంగ్లిషులో మాట ఒకటే అయినంత మాత్రాన మనకున్న మాటలను కలిపి కలగాపులగం చేయనక్కర్లేదు. నిఘంటువులో ఏ మాట ముందు కనబడితే దాన్ని తెచ్చి అతికించే అలవాటు ఈమధ్య బాగా ముదిరింది. 'వాహకం యొక్క' అన్నచోట 'యొక్క' కూడా దండగే. 'వాహక నిరోధం' అంటే చాలు.

నిరోధానికి మూలం రుధ్ ధాతువు. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం దీన్ని 'రుధిర్ ఆవరణే' అంటుంది. ఆవరించడం, చుట్టూ అడ్డుపెట్టి ఆపడం అని అర్థం. ద్వికర్మక ధాతువులు, అంటే రెండు కర్మలు తీసుకునే ధాతువులు, చదువుకున్నవారికి 'వ్రజమవరుణద్ధి గామ్' అనే ఉదాహరణ గుర్తుండే ఉంటుంది. ఆవును దొడ్డిలో ఆపుతున్నాడని దాని అర్థం. ఆ దొడ్డి కంచెకు ఆవు మీద కోపమూ లేదు, పట్టుదలా లేదు. అది అక్కడ ఉండడమే అడ్డు. రుధ్ ధాతువు కుటుంబమంతా ఇలాంటిదే. అవరోధం అంటే అడ్డంకి, సంస్కృతంలో అంతఃపురానికీ అదే పేరు, మూసి ఉంచిన చోటు కనక. పతంజలి 'యోగశ్చిత్తవృత్తినిరోధః' అన్నాడంటే చిత్తవృత్తుల మీద దండెత్తమని కాదు, వాటి పోకను ఆపమని. బౌద్ధుల మూడో ఆర్యసత్యం దుఃఖనిరోధం. అక్కడ అర్థం మరికొంత సాగి, ఆగిపోవడం, లేకుండా పోవడం అయింది.

భౌతికశాస్త్రానికి ఈ మాటను ఎంచినవారు ఎవరైనా, చక్కగా ఎంచారు. తీగలో ఎలక్ట్రాన్లు సాగుతుంటే లోహపు పరమాణువుల కంపనాలు, మలినాలు వాటి దారిని చెదరగొడతాయి. తీగ పొడవు రెట్టింపైతే నిరోధం రెట్టింపవుతుంది, మందం పెరిగి అడ్డుకోత వైశాల్యం రెట్టింపైతే సగమవుతుంది. 230 వోల్టుల మీద నడిచే 2,000 వాట్ల గీజరు కాయిలుకు సుమారు 26 ఓముల నిరోధం ఉంటుంది, దానిలో 8.7 ఆంపియర్ల కరెంటు పారుతుంది. ప్లగ్గు పిన్ను వదులై అక్కడ అర ఓము అదనంగా చేరితే ఆ ఒక్కచోటే 35 వాట్లకు పైగా వేడి పుడుతుంది. సాకెట్టు నల్లబడి ప్లాస్టిక్కు కరిగేది అందుకే. ఇంత జరిగినా ఇందులో ఎవరూ ఎవరినీ ఎదిరించలేదు. పైగా ఏసీ వలయాల పాఠంలో రియాక్టెన్సుకు (తీగచుట్ట, కెపాసిటరు కలిగించే అడ్డు) ప్రతిరోధం, ఇంపెడెన్సుకు (అన్నీ కలిసిన మొత్తం అడ్డు) అవరోధం అని అదే ధాతువు నుంచి మాటలు తీసుకున్నారు. ఒక్క ధాతువు, మూడు ఉపసర్గలు, మూడు భావాలు! ఇంత పొందికైన వరసలో ప్రతిఘటనను తెచ్చి ఇరికిస్తే వరసంతా చెడుతుంది.

ప్రతిఘటన అలాంటిది కాదు. ప్రతిఘటించడం అంటే ఎదురు నిలవడం. దానికి ఎదుట ఒకరుండాలి, నిలిచినవారికి తెగింపు ఉండాలి. దీన్ని చూడాలంటే పోతన దగ్గరికే వెళ్లాలి. గజేంద్రమోక్షంలో ఆ మాట అనకుండానే దాని రూపం చూపించాడు:

కరిఁ దిగుచు మకరి సరసికిఁ
గరి దరికిని మకరిఁ దిగుచుఁ గరకరి బెరయన్
గరికి మకరి మకరికిఁ గరి
భర మనుచును నతల కుతల భటు లరుదుపడన్

తిగుచు అంటే లాగు. మొదటి పాదంలో మొసలి కర్త, ఏనుగు కర్మ. రెండో పాదానికి వచ్చేసరికి ఏనుగు కర్త, మొసలి కర్మ. ఒకటి మడుగులోకి, ఒకటి గట్టుకు. మూడో పాదంలో విభక్తి ఒక్కటే, స్థానాలే తారుమారు: కరికి మకరి, మకరికి కరి. ఎవరిది పైచేయో చెప్పలేక పాతాళలోకపు భటులు సైతం విస్తుపోయారు. ఆ 'కరకరి' చూడండి. కక్ష, కాఠిన్యం, విడవని పట్టు అన్నీ అందులో ఉన్నాయి. కందపద్యంలోని ఈ పట్టుకు ప్రాస రేఫ, అంటే ర అక్షరం, ప్రతి పాదంలోనూ కరకరలాడుతుంది. ఈ పోరు వెయ్యేళ్లు సాగిందంటాడు పోతన. చివరికి 'లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె' అని ఏనుగు చేతులెత్తేస్తుంది. ప్రతిఘటనకు అలసట ఉంది, ధైర్యం సడలడం ఉంది, శరణు వేడడం ఉంది. రాగి తీగకు ఇవేవీ లేవు.

కనక 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి జనాన్ని నడిపించడం తిరుగుబాటు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి జనం బురుజెక్కి రజాకార్లకు ఎదురు నిలవడం ప్రతిఘటన. దాన్ని నిరోధకత అంటే అక్కడ ప్రాణాలు పోయిన మనుషులను జడపదార్థం కింద జమకట్టినట్టే. ఇది చిన్న తప్పు కాదు.

ఒక్కచోట మాత్రం కచ్చితంగా తీర్పు చెప్పలేను. 'పాసివ్ రెసిస్టెన్స్'కు పాతరోజుల్లో కొందరు 'సాత్విక నిరోధం' అన్నారు. ఆయుధం ఎత్తకుండా, కదలకుండా అడ్డుగా నిలబడడమే పద్ధతి కాబట్టి ఆ మాటకూ బలం ఉంది. గాంధీగారికి మాత్రం అసలు ఇంగ్లిషు మాటే నచ్చలేదు. దక్షిణాఫ్రికాలో తన పత్రిక ద్వారా కొత్త పేరు సూచించమని అడిగితే మగన్‌లాల్ గాంధీ 'సదాగ్రహ' అన్నారు, దాన్ని ఆయన 'సత్యాగ్రహ'గా దిద్దుకున్నారు. ఆ తర్వాత మనకు సహాయ నిరాకరణ, శాసనోల్లంఘన వచ్చాయి. ఏ పని జరిగిందో ఆ పేరే పెట్టగలిగినప్పుడు అన్నిటికీ ప్రతిఘటన అనడం కూడా బద్ధకమే.

ఇక వైద్యం. నిరోధకత తప్పు కాదు, కాని ఎవరు ఎవరిని ఆపుతున్నారో వాక్యంలో తేలాలి. రోగనిరోధక శక్తి మన ఒంటిది. ఔషధ నిరోధకత సూక్ష్మజీవిది. 'శరీరం యాంటీబయాటిక్ నిరోధకత పెంచుకుంది' అని రాసేవారు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. పెన్సిలిన్ అణువులోని వలయాన్ని తెంచే ఎంజైము బ్యాక్టీరియా తయారుచేసుకుంటుంది, శరీరం కాదు. చాలీచాలని మోతాదు వాడితే ఇలాంటి జీవులే మిగులుతాయని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లోనే తన నోబెల్ ప్రసంగంలో హెచ్చరించారు. 'మందులకు లొంగని క్షయ' అంటే ఈ గందరగోళమే ఉండదు. ఎవరు లొంగలేదో, దేనికి లొంగలేదో ఆ మూడు మాటల్లోనే ఉంది. 'అవినీతి నిరోధక శాఖ'లో నిరోధకం అంటే జరగకుండా చూసేది. అది వేరే అర్థం, నిలిచిపోయిన వాడుక.

పంటల విషయంలో రైతులు 'తెగులును తట్టుకునే రకం' అంటారు. నేను ఆ మాట వైపే మొగ్గుతాను, కాని ఒక చిక్కుంది. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి రూపొందించి 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరిలో మూడు జన్యువులు బ్యాక్టీరియా ఎండాకు తెగులును ఆకులో పెరగనీయకుండా ఆపుతాయి. అది నిరోధకత. తెగులు సోకినా దిగుబడి అంతగా తగ్గకపోవడం తట్టుకోవడం. శాస్త్రవేత్తలు ఈ రెంటినీ విడదీస్తారు, రైతు మాటలో విడిపోవు. పరీక్షలో అయితే నిరోధకత అనే రాయండి.